అమ్మానాన్నలకు వీడియో కాల్ అలవాటు చేయడం ఎలా?

అక్క డాలస్ నుంచి వీడియో కాల్ చేస్తే దాదాపు రెండు నెలల పాటు ఆమెకు కనిపించింది అమ్మ చెవే. ఫోన్ మోగగానే అమ్మ అలవాటుగా ఎత్తి చెవికి ఆనించుకునేది. అటు స్క్రీన్ నిండా చీకటి, ఆ చీకట్లో ఓ మూల మెరిసే రాళ్ల దిద్దు. "అమ్మా, ఫోన్ చెవి దగ్గర్నుంచి తియ్యవే" అని అక్క అరిచేది. "వినపడుతోందిలే, ఎందుకంత గట్టిగా అరుస్తావు" అని అమ్మ కసిరేది.

తప్పు అమ్మది కాదు, నాది. సంక్రాంతికి ఊరెళ్లి, 13 వేలు పెట్టి కొన్న ఫోన్ ఆమె చేతిలో పెట్టి, వాట్సాప్ ఎక్కించి, ముక్కనుమ నాడు హైదరాబాద్ బస్సెక్కేశాను. మళ్లీ ఉగాదికి వెళ్లినప్పుడు రెండు రోజులు పక్కన కూర్చుని మొదటి నుంచి చేసుకొచ్చాను. ఆ తర్వాత మా వీధిలో ఇంకో నాలుగిళ్లలోనూ అదే పని చేసిపెట్టాను. అన్ని ఇళ్లలోనూ నాకు తేలింది ఒకటే: యాప్‌తో పెద్ద ఇబ్బందేమీ లేదు. ఫోన్ ఎక్కడ ఆనించాలి, వేలు ఎటు లాగాలి, ఎన్ని గంటలకు ఎదురుచూడాలి అనేవి మనం అక్కడున్నప్పుడే కుదిర్చిపెట్టాలి. దూరం నుంచి ఫోన్‌లో చెబితే అయ్యే పని కాదది. ఊరెళ్లేటప్పుడు ఇందుకోసం ఒక పూట కేటాయించుకోండి.

ముందు యాప్ తేల్చుకోండి

పెద్దవాళ్లకు ఒక్క యాప్ చాలు. రెండోది నేర్పబోతే మొదటిది కూడా పోతుంది. మనవైపు చాలామంది ఫోన్లలో ఇప్పటికే ఉన్నది వాట్సాప్ కాబట్టి అదే ఖాయం చేసుకోవడం తేలిక. దాంట్లో వీడియో కాల్ వచ్చింది 2016 నవంబరులో. ఆ సెప్టెంబరులోనే జియో మొదలై డేటా చవకైంది. ఊళ్లలో వీడియో కాల్ అంత త్వరగా పాకడానికి ఈ రెండూ కలిసొచ్చాయి.

ఒక్క చోట మాత్రం ఆగి ఆలోచించాలి. మీవాళ్లు దుబాయ్, అబుదాబి, షార్జా వైపు ఉంటే అక్కడ వాట్సాప్‌లో మెసేజ్‌లు, ఫొటోలు వెళతాయి గానీ కాల్స్‌ను మామూలు నెట్‌వర్క్ మీద ఆపేస్తారు. ఐఫోన్‌లో వచ్చే ఫేస్‌టైమ్‌దీ అదే కథ. మా పక్కింటి పిన్ని కొడుకు దుబాయ్‌లో ఏసీ మెకానిక్. "వాడు కావాలనే ఎత్తట్లేదు" అని పిన్ని కొన్నాళ్లు మనసులో పెట్టుకుని బాధపడింది. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్ రెండు వైపులా వేసుకుంటే సరిపోతుంది. వీపీఎన్ (మనం వేరే దేశంలో ఉన్నట్టు నెట్‌ను నమ్మించే యాప్) పెట్టుకుని వాట్సాప్ చేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. అది అక్కడి చట్టంతో చెలగాటం, జరిమానాలు పెద్దవి.

అటువైపు వాళ్లకు ఐఫోన్ ఉండి, ఫేస్‌టైమ్‌లోనే మాట్లాడతామంటే వాళ్లు లింక్ పంపవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆ లింక్ నొక్కితే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. కానీ అమ్మమ్మలతో లింకులు నొక్కించడం అలవాటు చేయడం నాకిష్టం లేదు. ఎందుకో చివర్లో చెబుతాను. స్కైప్ నేర్చుకున్న పెద్దవాళ్లు ఇంకా అదే అడుగుతుంటారు. అది 2025 మే నెలలో మూతపడింది.

ఫోన్‌ను సిద్ధం చేయడం

ఇది మీరొక్కరే, టీ తాగుతూ చేసుకునే పని. పెద్దవాళ్లను కూర్చోబెట్టకండి, విసుగొస్తుంది.

మొదట స్టోరేజ్ చూడండి. శుభోదయం ఫొటోలు, దేవుడి వీడియోలతో ఫోన్ నిండిపోయి ఉంటుంది. అవి తీసేసి, మళ్లీ నిండకుండా వాట్సాప్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్‌గా దిగే మీడియాను ఆపేయండి. తర్వాత యాప్‌ను అప్‌డేట్ చేసి కెమెరా, మైక్రోఫోన్, నోటిఫికేషన్ పర్మిషన్లు ఉన్నాయో లేదో సరిచూడండి.

ఇప్పుడు అసలు కిటుకు. "ఎన్నిసార్లు చేసినా వాళ్ల ఫోన్ మోగదు, తర్వాత వాళ్లు తెరిచి చూస్తే మిస్డ్ కాల్స్ ఉంటాయి" అన్న ఫిర్యాదు ప్రతి ఇంట్లోనూ వింటాను. దీనికి కారణం తరచూ బ్యాటరీ సేవర్. ఛార్జింగ్ ఆదా చేస్తున్నానంటూ ఫోన్ మన వాట్సాప్‌ను నిద్రపుచ్చుతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి, వాట్సాప్ మీద నొక్కి, బ్యాటరీ అన్న చోట అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి. ఫోన్ కంపెనీని బట్టి మాట కాస్త మారుతుంది. "ఆటో స్టార్ట్" అని ఇంకో మీట కనిపిస్తే దాన్నీ ఆన్ చేయండి. ఈ ఒక్క పనితో మా వీధిలో రెండిళ్ల అలకలు తీరాయి.

తర్వాత మనిషికో బొమ్మ పెట్టండి. అక్క చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, మోర్‌లోకి వెళ్లి యాడ్ షార్ట్‌కట్ కొడితే హోమ్ స్క్రీన్ మీద అక్క ఫొటో వచ్చి కూర్చుంటుంది. దాన్ని నొక్కితే నేరుగా ఆమె చాట్ తెరుచుకుంటుంది. పేర్ల జాబితాలో వెతుక్కోనక్కర్లేదు. అమ్మ హోమ్ స్క్రీన్ మీద ఇప్పుడు నాలుగే ఉన్నాయి: అక్క, నేను, పిన్ని, టార్చి. మిగతావన్నీ రెండో పేజీకి నెట్టేశాను.

అక్షరాల సైజు పెంచడం మీకు తెలిసిందే. తెలియని సెట్టింగ్ ఇంకొకటుంది. పెద్దవాళ్లు బటన్‌ను కాలింగ్ బెల్ నొక్కినట్టు అదిమి పట్టుకుంటారు. ఫోన్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుని ఏదో మెనూ తెరుస్తుంది. వాళ్లు కంగారుపడి ఇంకోటి నొక్కుతారు. యాక్సెసిబిలిటీలో "టచ్ అండ్ హోల్డ్ డిలే" అని ఉంటుంది, దాన్ని లాంగ్‌కు మార్చండి. సగం కంగారు తగ్గుతుంది.

యాప్ భాష తెలుగులోకి మార్చాలా వద్దా అన్నది ఇంటిని బట్టి. తెలుగు చదివేవాళ్లకు హాయిగా ఉంటుంది. కాకపోతే రేపు మీరు ఫోన్‌లో దారి చెప్పేటప్పుడు మీ తెర మీది మాటలు, వాళ్ల తెర మీది మాటలు కలవవు. అందుకే నేను మార్చలేదు.

ఎత్తడం, చేయడం నేర్పడం

నేర్పేటప్పుడు మీ చేతులు కట్టేసుకోండి. "ఇలా ఇవ్వు, నేను చూపిస్తా" అని ఫోన్ లాక్కున్నారంటే వాళ్లు నేర్చుకునేది మీ వేళ్ల వేగం తప్ప ఇంకేమీ ఉండదు.

నేను చేసింది ఇది. అమ్మను వరండాలో కూర్చోబెట్టి, నేను పెరట్లోకి వెళ్లి వీడియో కాల్ చేశాను. ఎత్తగానే కట్ చేసి మళ్లీ చేశాను. అలా పది సార్లు. మొదటి మూడు సార్లూ చెవే. నాలుగోసారి, "చెవి కాదు, అద్దం. అద్దంలో బొట్టు సరిచూసుకున్నట్టు పట్టుకో" అన్నాను. ఆ మాటతో కుదిరింది. నేను చెప్పిన ఫ్రంట్ కెమెరా, స్పీకర్ మోడ్ వగైరాలన్నిటికంటే ఆ ఒక్క పోలికే పనిచేసింది.

ఎత్తడంలో ఒక మెలిక ఉంది, అది ముందే చూపించండి. ఫోన్ పక్కన పడి ఉన్నప్పుడు కాల్ వస్తే చాలా ఫోన్లలో తెరంతా నిండుతుంది. అడుగున ఉన్న పచ్చ గుర్తును పైకి లాగాలి. అదే ఫోన్ చూస్తుండగా కాల్ వస్తే పైన చిన్న పట్టీలా వస్తుంది. అక్కడ లాగకూడదు, నొక్కాలి. ఒకే పనికి రెండు పద్ధతులు కాబట్టి "నిన్న వచ్చింది, ఇవాళ రావట్లేదు" అంటుంటారు. రెండు రకాలుగానూ ఐదేసి సార్లు చేయించండి.

లాగినా పలకట్లేదంటే వేళ్లు చూడండి. అంట్లు తోమి, పొలం పనులు చేసి మొద్దుబారిన పొడి వేళ్లను టచ్ స్క్రీన్ ఒక్కోసారి గుర్తించదు. వేలిని కాస్త తడి గుడ్డకు అద్దుకుని లాగితే పలుకుతుంది. మందపాటి చవక టెంపర్డ్ గ్లాస్ ఉంటే దాన్ని మార్పించండి.

ఎత్తడం వచ్చాక చేయడం. అక్క బొమ్మ నొక్కాలి, పైన వీడియో కెమెరా గుర్తు నొక్కాలి. ఆ పక్కనే రిసీవర్ గుర్తు ఉంటే అది ఉత్త మాటల కాల్ అని చెప్పండి. కట్ చేయడానికి ఎరుపు. ఇక పొరపాటున తగిలే మూడు గుర్తులు చూపించాలి: మైక్ మీద గీత పడితే మన మాట అటు వెళ్లదు, కెమెరా మీద గీత పడితే మన ముఖం వెళ్లదు, గుండ్రంగా తిరిగే బాణాలు నొక్కితే ముఖం బదులు ఎదురుగా ఉన్న గోడ కనిపిస్తుంది. వీటిని ఎలాగూ నొక్కుతారు. నొక్కినప్పుడు ఏమవుతుందో ముందే ఒకసారి కావాలని నొక్కించి చూపిస్తే భయం పోతుంది.

చివరగా ఒక కాగితం. పెద్ద అక్షరాలతో "1. అక్క ఫొటో నొక్కు. 2. కెమెరా బొమ్మ నొక్కు. 3. అద్దంలా పట్టుకో" అని రాసి, గోడ క్యాలెండర్ పక్కన అంటించాను. గుర్తుల బొమ్మలు కూడా స్కెచ్ పెన్నుతో వేశాను. నాన్న చూసి నవ్వారు. మర్నాడు ఎవరూ లేనప్పుడు ఆయనే దాని ముందు నిలబడి చదువుకుంటున్నారు.

ఫోన్ ఎక్కడ పెట్టాలి?

చేత్తో పట్టుకుంటే రెండు నిమిషాల్లో చేయి లాగుతుంది, ఫోన్ వాలిపోతుంది. అటువాళ్లకు కనిపించేది నుదురు, దాని పైన తిరిగే ఫ్యాను. అందుకే ఇంట్లో వీడియో కాల్‌కు ఒక స్థిరమైన చోటు ఉండాలి.

గుమ్మానికి, కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మనిషి నల్లటి నీడలా కనిపిస్తాడు. వెలుతురు ముఖం మీద పడాలి, అంటే గుమ్మం వైపు తిరిగి కూర్చోవాలి. ఫోన్‌ను కంటి ఎత్తుకు తేవాలి. స్టాండ్ కొనొచ్చు, రెండు మూడొందల్లో వస్తుంది. మా ఇంట్లో కందిపప్పు డబ్బా చాలింది. బల్ల మీద డబ్బా, దానికి ఆనించిన ఫోన్, జారకుండా కింద మడిచిన తువ్వాలు. ఖాళీ డబ్బా పెట్టకండి, కదిలిపోతుంది.

లెన్స్ తుడవడం మరిచిపోవద్దు. "మంచు పట్టినట్టు కనిపిస్తున్నారు" అని అక్క అంటే నెట్ స్లో అనుకున్నాం. తీరా చూస్తే కొబ్బరినూనె వేలిముద్ర.

ఫ్యాను నేరుగా ఫోన్ మీదికి వీస్తే అటు హోరు వినిపిస్తుంది. టీవీలో సీరియల్ నడుస్తుంటే చెప్పనక్కర్లేదు. వినికిడి తగ్గినవాళ్లకు కాల్ వాల్యూమ్ పెంచాలంటే కాల్ నడుస్తుండగానే పక్క బటన్ నొక్కాలి. ముందుగా పెంచితే పెరిగేది మామూలుగా రింగ్‌టోనో, పాటల శబ్దమో.

సిగ్నల్ కోసం ఇల్లంతా ఒక ప్రదక్షిణ చేసి చూడండి. మందపాటి గోడల పాత పెంకుటిళ్లలో నడిమి గదిలో సిగ్నల్ ఉండదు, వరండాలో ఉంటుంది. వైఫై ఉన్నా కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది. అప్పుడు ఫోన్‌లో మొబైల్ డేటా ఆన్‌లో ఉంటే కాల్ దానికి మారుతుంది. అందుకే వైఫై ఉన్న ఇళ్లలో కూడా డేటా మీట ఆఫ్ చేయొద్దని చెబుతాను. డేటా పొదుపు కావాలంటే వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా కింద కాల్స్‌కు తక్కువ డేటా వాడే మీట ఉంది. బొమ్మ కాస్త మసకబారుతుంది, మాట మాత్రం తెగదు.

టైము కుదుర్చుకోవడం

"వీలైనప్పుడు చేస్తాంలే" అన్న ఇళ్లలో ఎవరూ చేయరు. రోజూ కుదరకపోతే వారానికి రెండు రోజులు, కానీ ఫలానా గంటకు అని ఉండాలి.

గల్ఫ్‌తో లెక్క సులువు. దుబాయ్, మస్కట్ మనకంటే గంటన్నర వెనుక. కువైట్, సౌదీ, ఖతార్ రెండున్నర గంటలు వెనుక. ఏడాది పొడుగునా అదే. తిప్పలన్నీ అమెరికాతో. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. డాలస్ చలికాలంలో మనకంటే పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది, వేసవిలో పదిన్నర. న్యూజెర్సీ దానికంటే గంట ముందు, కాలిఫోర్నియా రెండు గంటలు వెనుక. లండన్ చలికాలంలో ఐదున్నర, వేసవిలో నాలుగున్నర. సిడ్నీ, మెల్‌బోర్న్ మాత్రం మనకంటే ముందు, నాలుగున్నర నుంచి ఐదున్నర గంటలు.

అక్క తన రాత్రి ఎనిమిదింటికి చేస్తుంది. చలికాలమంతా మనకు పొద్దున్న ఏడున్నర. మార్చి రెండో ఆదివారం దాటాక అదే కాల్ ఆరున్నరకు వస్తుంది. అప్పుడు అమ్మ కళ్లాపి చల్లుతూ ఉంటుంది, ఫోన్ లోపల మోగి మోగి ఆగిపోతుంది. "ఎత్తలేదేం" అని అటు కంగారు, "చేయలేదేం" అని ఇటు బెంగ. ఈ రెండు తేదీలనూ క్యాలెండర్‌లో చుట్టి పెట్టండి.

పొద్దున్న కాల్‌కు ఇంకో లాభం ఉంది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీ ఇచ్చే ప్యాక్‌లు సాధారణంగా అర్ధరాత్రి దాటాక కొత్తగా మొదలవుతాయి. రాత్రి దాకా రీల్స్ చూసేసరికి డేటా అయిపోయి స్పీడు పడిపోతుంది, వీడియో కదలదు. పొద్దున్నయితే పూర్తి డేటా చేతిలో ఉంటుంది.

మాటలు దొరకనప్పుడు

అన్నీ కుదిరాక కొత్త చిక్కొచ్చింది. "తిన్నారా?" "తిన్నాం. మీరు?" "తిన్నాం." తర్వాత నిశ్శబ్దం. ఇక మా నాన్నయితే కాల్ ఎత్తీ ఎత్తగానే "ఇదిగో, అమ్మకిస్తున్నా" అనేవారు.

ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాలనుకోకండి. ఏదైనా పని చేస్తూ మాట్లాడండి. పోయిన వేసవిలో అక్క అక్కడ ఆవకాయ పెట్టింది. ఫోన్‌ను వంటింటి గట్టు మీద ఆనించి, గిన్నె వంచి చూపిస్తూ కలిపింది. "నూనె చాల్లేదు, ముక్క తడవాలి. ఇంకా పొయ్యి. ఆఁ, ఆగు. రెండు రోజులాగితే పైకి తేలుతుంది" అని అమ్మ ఇక్కడ్నుంచి చెప్పింది. గంటసేపు మాట్లాడుకున్నారు, అందులో "ఇంకేంటి" అన్న మాటే రాలేదు.

నాన్నకు ఒక పని అప్పజెప్పాం. ఆదివారం పొద్దున్న పెరడు చూపించడం. అరటి గెల ఎంత వచ్చింది, కరివేపాకు చిగురేసిందా, పక్కింటి దూడ ఎంత ఎదిగింది. ఆయన మొదట్లో ఫోన్‌ను టార్చిలైటులా గబగబా తిప్పేవారు, చూసేవాళ్లకు కళ్లు తిరిగేవి. "నాన్నా, ఒకచోట ఆగి, పదంకెలు లెక్కపెట్టి అప్పుడు కదలండి" అన్నాం. ఇప్పుడు నిజంగానే లెక్కపెడుతున్నారు, పైకి వినపడేలా.

పసిపిల్లలుంటే కాల్‌కు భయపడనక్కర్లేదు. ఏడాదిన్నర లోపు పిల్లలకు తెరలు వద్దనే అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా తన 2016 సూచనల్లో వీడియో చాట్‌ను మినహాయించింది. అలాగని మనవడు కుదురుగా కూర్చుంటాడనుకోవద్దు. ఐదు నిమిషాలు దొరికితే గొప్ప. "నన్ను గుర్తుపట్టావా, ఏదీ ముద్దు పెట్టు" అని పరీక్షలు పెట్టకుండా, తాతయ్య ఒక బొమ్మ దాచి "ఎక్కడుందో చెప్పు" అంటే వాడే మళ్లీ మళ్లీ చేయమంటాడు.

పండగలకు అందరూ కలవాలంటే వాట్సాప్ గ్రూప్ వీడియో కాల్‌లో 32 మంది దాకా పడతారు. అంతకు మించితే గూగుల్ మీట్‌లో ఉచితంగా వంద మంది దాకా కలవచ్చు, కానీ ఇద్దరు దాటితే గంటకు ఆగిపోతుంది. జూమ్ ఉచిత ఖాతా అయితే 40 నిమిషాలే. పెళ్లి చూపించాలంటే ఆ కాసేపూ ఫోన్ పట్టుకోవడానికి ఒక కుర్రాణ్ని నియమించండి, పవర్ బ్యాంక్ ఇవ్వండి. తలంబ్రాల వేళకు ఛార్జింగ్ అయిపోయిన ఫోన్లు ఎన్నో చూశాను.

కాల్ మొరాయిస్తే

మాట తెగుతుంటే ముందు వీడియో ఆపి మాట మాత్రం ఉంచండి. కుదరకపోతే కట్ చేసి మళ్లీ చేయండి. వైఫై తీసి డేటా, డేటా తీసి వైఫై. అదీ కాకపోతే ఫోన్ ఆపి ఆన్ చేయడం. చాలావరకు ఇక్కడితో తీరుతుంది.

ఉన్నట్టుండి మాట వినపడకపోతే బ్లూటూత్ చూడండి. మెడకు వేసుకునే ఇయర్‌ఫోన్ పక్క గదిలో మంచం మీద ఆన్‌లో ఉండిపోతే, మాటంతా దానికి వినిపిస్తుంటుంది. మన గొంతు మనకే తిరిగి వినపడుతుంటే, ఒకే గదిలో రెండు ఫోన్లు అదే కాల్‌లో ఉన్నాయన్నమాట. ఒకటి మ్యూట్ చేయండి.

దూరం నుంచి మీరు సాయం చేయాలంటే వాట్సాప్ వీడియో కాల్‌లోనే స్క్రీన్ షేర్ ఉంది. వాళ్ల తెర మీకు కనిపిస్తుంది, ఎక్కడ నొక్కాలో చెప్పొచ్చు. అయితే దీనికి మా ఇంట్లో ఒక షరతు ఉంది. కాల్ చేసింది పిల్లలం అయితేనే స్క్రీన్ షేర్. వేరే ఎవరడిగినా, బ్యాంకు అన్నా, కొరియర్ అన్నా నొక్కకూడదు. తెర చూపిస్తే ఓటీపీ కూడా చూపించినట్టే.

కొత్త నంబర్ల సంగతి

వీడియో కాల్ వచ్చిన ఇంటికి దొంగ కాల్ కూడా వస్తుంది. పోలీసు యూనిఫాం వేసుకుని తెర మీద కనిపిస్తారు. మీ పేరు మీద వచ్చిన పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం, కాల్ కట్ చేయొద్దు, ఎవరికీ చెప్పొద్దు అంటారు. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. ఏ పోలీసూ వీడియో కాల్‌లో విచారించి డబ్బు వేయమనడు. ఈ రెండు ముక్కలూ పెద్దవాళ్లకు ముందే, నిదానంగా చెప్పి ఉంచాలి. ఆ టెన్షన్‌లో పడ్డాక ఎవరికీ బుర్ర పనిచేయదు.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో కాల్స్‌కు వెళ్లి, తెలియని నంబర్లను సైలెంట్ చేసే మీట ఆన్ చేయండి. సేవ్ చేయని నంబర్ల నుంచి కాల్ వస్తే ఫోన్ మోగదు. అక్క కొత్త నంబరు తీసుకుంటే ముందు సేవ్ చేయించాలి, లేదంటే ఆమెదీ మోగదు. లింకులు నొక్కించడం అలవాటు చేయొద్దన్నది కూడా ఇందుకే. ఫేస్‌టైమ్ లింకుకు, దొంగ లింకుకు తేడా మనకే ఒక్కోసారి తెలియదు, వాళ్లకెలా తెలుస్తుంది?

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. గోడ మీది కాగితంలో అక్క నంబరు కింద ఎర్ర స్కెచ్‌తో ఆ అంకె రాసి ఉంచాను.

ముఖాన్నీ గొంతునూ నకలు చేసే రోజులు కాబట్టి ఇంట్లో ఒక గుర్తు మాట కూడా పెట్టుకున్నాం. మనవాళ్లే కాల్ చేసి అర్జంటుగా డబ్బు కావాలంటే, ముందు ఆ మాట అడగాలి. పుట్టినరోజులు, పిల్లల పేర్లు వద్దు, అవి ఫేస్‌బుక్‌లో దొరుకుతాయి. అమ్మ ఎంచుకున్నది నా చిన్నప్పటి మా గేదె పేరు. అదేమిటో ఇక్కడ రాయను.